కంచు నెమలి పోగొట్టుకున్న చిలుము

మేఘవతీ నగరం పేరు చెబితే చాలు, ఛప్పన్న దేశాల పిల్లలకూ కాళ్లు ఆగేవి కావు. ఆ ఊళ్లో కోట గొప్పదా? అలాంటి కోటలు బోలెడు. ఏనుగులు ఎక్కువా? అదీ లేదు. అక్కడ ఒక వింతశాల ఉండేది. లోకంలో ఎక్కడెక్కడి వింత వస్తువులనూ తెచ్చి, పిల్లలూ పెద్దలూ చూసి సంతోషించడానికని ఆ దేశపు రాజులు తరతరాలుగా కట్టిన పెద్ద భవనం. అందులో ఆరు ఋతువులకు ఆరు మందిరాలు. ఋతువు మారిన రోజున పాత మందిరం తలుపు మూసి, కొత్త మందిరం తలుపు తెరిచేవారు. వసంత మందిరంలో కొయ్య కోయిలలు కూసేవి. గ్రీష్మ మందిరంలో తాటాకు విసనకర్రలు వాటంతటవే విసిరేవి. శిశిర మందిరంలో రాగి చెట్టొకటి ఆకులన్నీ గలగలా రాల్చి, సాయంత్రానికి మళ్లీ తొడుక్కునేది.

అన్నిటికన్నా పిల్లలు ఎదురుచూసేది వర్ష మందిరం కోసం. అక్కడ నిలువెత్తు కంచు నెమలి ఉండేది. ఒంటినిండా చిలుము పట్టి ముదురాకు రంగులో ఉండేది. వర్షఋతువు మొదటి రోజున అది పురివిప్పి మూడుసార్లు గిరగిరా తిరిగి ఆడేది. మొదటి తిరుగుడికి మందిరం కప్పులోంచి చినుకులు రాలేవి. రెండో తిరుగుడికి జడివాన కురిసేది. మూడో తిరుగుడికి బయట నిజం ఆకాశంలో ఉరుము ఉరిమి, దేశమంతటా వానలు మొదలయ్యేవి. తడిసి ముద్దయిన పిల్లలు కేరింతలు కొడుతుంటే ఆ ఒక్కరోజు మాత్రం ఏ తల్లీ 'తడవకురా, జలుబు చేస్తుంది' అని అరిచేది కాదు.

ఆ వింతశాలను కనిపెట్టుకుని ఉండేవాడు గవరయ్య. మోకాళ్ల నొప్పులతో కుంటుకుంటూ నడిచేవాడు కానీ, వస్తువుల విషయంలో మహా జాగ్రత్తపరుడు. ఆయన కూతురు చెంగల్వ. పన్నెండేళ్లది. చురుకైన పిల్ల, ఒక్కచోట నిలిచే రకం కాదు. తండ్రి వెనకాలే తిరుగుతూ ఏ వస్తువును ఎలా ఎత్తాలో, ఎలా దింపాలో, దేని పక్కన దేన్ని పెట్టకూడదో అన్నీ నేర్చుకుంది. నెమలి గురించి మాత్రం గవరయ్య ఒక్కటే మాట చెప్పేవాడు. "దాని ఒంటికి మెత్తటి గుడ్డ తప్ప ఏదీ తగలకూడదమ్మా. ఎందుకంటే నాకూ తెలియదు. మా నాన్న నాకు అలాగే చెప్పాడు."

ఆ ఏడు వర్ష మందిరం తెరవడానికి రెండు రోజుల ముందు, పొరుగు దేశపు వర్తకుల పిల్లలు కొందరు కిటికీలోంచి తొంగిచూసి కిసకిసా నవ్వారు. "ఈ నెమలికి పుట్టాక ఒక్కసారైనా స్నానం చేయించారా? పాచిపట్టిన గోలెంలా ఉంది!" అన్నారు. చెంగల్వకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో పండగొస్తే అమ్మ ఇత్తడి బిందెలూ కంచు చెంబులూ చింతపండు పెట్టి తళతళా తోముతుంది కదా, మరి ఇంత పెద్ద పండగకి మన నెమలిని ఇలా వదిలేస్తే ఎలా అనుకుంది. తండ్రి రాజుగారి దగ్గరికి ఆహ్వానం పట్టుకెళ్లిన పూట చూసి, కుండెడు చింతపండు పులుసూ ఇటుకపొడీ కొబ్బరి పీచూ పట్టుకుని మందిరంలోకి దూరింది. అరచేతులు మండేదాకా తోమింది. ఎంత ప్రేమగా తోమిందంటే ఈకల మధ్య సందులు కూడా వదల్లేదు, పిచ్చిపిల్ల!

మర్నాడు పొద్దున గవరయ్య తలుపు తీసి చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఎవరు చేశారని అడగలేదు. చెంగల్వ చేతులు ఎర్రగా పొక్కి ఉండడం చూశాడు, ఊరుకున్నాడు.

తెరిచే రోజు రానే వచ్చింది. ఇంద్రకేతు మహారాజు సపరివారంగా విచ్చేశాడు. వేలమంది పిల్లలు గోడలెక్కి, స్తంభాలెక్కి, నాన్నల భుజాలెక్కి చూస్తున్నారు. తలుపులు తెరుచుకోగానే బంగారంలా ధగధగలాడుతున్న నెమలిని చూసి అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎదురుచూశారు. ఘడియ గడిచింది. రెండు ఘడియలు గడిచాయి. నెమలి కదల్లేదు. బయట కమ్ముకొచ్చిన మబ్బులు కూడా వచ్చిన దారినే వెళ్లిపోయాయి. ఎండ చుర్రుమంది.

అప్పుడు రాజు నెమలి పీటమీద ఏవో అక్షరాలుండటం గమనించాడు. ఇన్నాళ్లూ చిలుము కింద దాగి ఉన్న అక్షరాలవి. ఆయన గట్టిగా చదివాడు. "నన్ను తోమినవారు, నేను మళ్లీ ఆడేదాకా నాలాగే నిలిచిపోవాలి." చదివి, చుట్టూ చూశాడు. "ఎవరు తోమారు? ముందుకు రండి!"

చెంగల్వ స్తంభం చాటున నక్కి నిలబడింది. నోరు తెరుద్దామనుకుంది, పెదాలు అతుక్కుపోయాయి. ఈలోగా గవరయ్య కుంటుకుంటూ వెళ్లి నెమలి మెడమీద చెయ్యి వేశాడు.

"నేనే తోమాను ప్రభూ," అన్నాడు.

అనీ అనగానే ఆయన పాదాలు ఠంగుమని కంచుపాదాలయ్యాయి. జనం హాహాకారాలు చేశారు. కంచు అక్కడితో ఆగలేదు. సాయంత్రానికి చీలమండలు దాటి పైకి పాకింది. ఆస్థాన వైద్యుడు కొలిచి చూసి, రోజుకు జానెడు చొప్పున ఎక్కుతోందని తేల్చాడు. గవరయ్య ఎత్తు సరిగ్గా ఏడు జానలు.

జనం వెళ్లిపోయాక చెంగల్వ తండ్రి నడుం పట్టుకుని భోరున ఏడ్చింది. "నాన్నా, నేను చెప్పేస్తాను. ఇప్పుడే రాజుగారికి చెప్పేస్తాను!"

"చెబితే ఏమవుతుందో ఆలోచించు," అన్నాడు గవరయ్య. "నీకు బదులు నేను నిలబడ్డాను కాబట్టి నీ కాళ్లు ఆడుతున్నాయి. నువ్వు బొమ్మవైపోయి నేను బయటపడ్డానే అనుకో, ఈ మోకాళ్లతో నేను కొండలెక్కగలనా? తామ్రగిరి మీద కంచరి తాత ఉన్నాడు. ఈ నెమలిని పోతపోసిన వంశం వాళ్లది. పోయిన చిలుము ఎలా తేవాలో ఆయన్ని అడుగు. దొరికాక వచ్చి చెప్పు. అందాకా నోరు మెదపకు."

"ఏడు రోజుల్లో రాలేకపోతే?"

"వస్తావు. నిన్ను కూర్చోబెట్టడమే కదా నాకు చేతకానిది," అని గవరయ్య నవ్వాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటూ అటుకులూ బెల్లం మూటకట్టి ఇచ్చింది. చెంగల్వ మూట భుజాన వేసుకుని పరుగందుకుంది.

రెండో రోజు సాయంకాలానికి తామ్రగిరి ఎక్కింది. కొండమీద గుడిసెలో తెల్లగడ్డం ముసలాయన ఒకడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చుట్టూ సగం పోసిన బొమ్మలూ, పగుళ్లిచ్చిన కూజాలూ. చెంగల్వ దండం పెట్టి ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. చివరికి కళ్లు తెరవకుండానే, "ఆ మూల కూజా ఇటు పట్రా," అన్నాడు.

చెంగల్వ కూజా దగ్గరికి వెళ్లలేదు. ముందు తాత ఎదుట నేల తుడిచింది, పొడిగడ్డి కాస్త పరిచింది. అప్పుడు వెళ్లి, కూజా మెడ పట్టుకోకుండా అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తింది. నెమ్మదిగా తెచ్చి గడ్డిమీద దింపింది. తాత కళ్లు తెరిచాడు.

"మెడ పట్టుకుని ఎత్తినవాళ్లతో నేను మాట్లాడను. పదిహేనేళ్లుగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరి పిల్లవే నువ్వు?"

"వింతశాల గవరయ్య కూతుర్ని తాతా."

"అదీ! చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది."

చెంగల్వ జరిగిందంతా దాచకుండా చెప్పింది. చింతపండు మాట వినగానే తాత చెవులు మూసుకున్నాడు. "చిలుమంటే మురికి కాదే తల్లీ! ఒక్కో వానాకాలం కంచుమీద ఒక్కో సన్నటి పొర కడుతుంది. ఆ నెమలి నూరేళ్ల వానలు ఒంటికి పట్టించుకుంది కనకే వానను పిలవగలిగింది. నువ్వు ఒక్క పూటలో నూరేళ్లు తోమిపారేశావు."

"నూరేళ్లు ఆగడానికి మా నాన్నకు ఐదు రోజులే ఉన్నాయి తాతా!"

తాత గడ్డం నిమురుకున్నాడు. "అద్దాల అడవి దాటితే నల్లకొండ. అక్కడి గుహలో గుంభనుడనే రాక్షసుడున్నాడు. వాడికి వింత వస్తువులు పోగుచేసే పిచ్చి. ఒక జాడీలో నూరేళ్ల వాన పట్టి దాచుకున్నాడు. దాన్ని ఎత్తుకొద్దామని ముగ్గురు గజదొంగలు వెళ్లారు. ముగ్గుర్నీ మట్టిబొమ్మలు చేసి అరలో పెట్టుకున్నాడు. వెళతావా?"

"వెళ్లక!" అంటూనే చెంగల్వ సగం కొండ దిగేసింది.

మూడో రోజు మధ్యాహ్నానికి అద్దాల అడవి వచ్చింది. అబ్బ, ఏం అడవి అది! చెట్లు గాజువి, ఆకులు గాజువి. గాలి వీస్తే అడవంతా పెళ్లివారి గాజుల మలారంలా గలగలమంటుంది. చెంగల్వ కళ్లు విప్పార్చి చూస్తూ పది అడుగులు వేసిందో లేదో, ఎదురుగా గాజుపులి దూకింది. దాని ఒళ్లంతా దుమ్ము. కళ్లు రెండూ మట్టికొట్టుకుపోయి ఉన్నాయి.

"ఎవరది? చప్పుడైన చోటల్లా దూకుతాను. దొరికినదాన్నల్లా తింటాను!" అని గర్జించింది పులి.

చెంగల్వ కదలకుండా నిలబడి పులి ముఖంలోకి చూసింది. "పులిరాజా, మీకు కళ్లు కనబడటం లేదు కదూ?"

పులి తోక ఆడించడం ఆపింది. "మూడేళ్ల క్రితం దుమ్ముతుఫాను వచ్చింది. అప్పట్నుంచి ఇంతే. నాలుకతో నాకితే గీతలు పడుతున్నాయి. ఆకాశం ఏ రంగో కూడా మర్చిపోయాను."

చెంగల్వ చెయ్యి పైట చెంగు దాకా వెళ్లి ఆగింది. మొన్న అడక్కుండా తోమిన పాపం గుర్తొచ్చింది. "తుడవనా? మీరు సరేనంటేనే. ఎక్కడ నొప్పి పుడితే అక్కడ ఆపేస్తాను," అంది.

పులి తల వంచింది. చెంగల్వ ముందు నోటితో ఉఫ్ ఉఫ్‌మని ఊది మట్టి రాల్చింది. తర్వాత కనురెప్పమీద ఆవిరి వదిలి, మెత్తటి పైట కొసతో అద్ది అద్ది తీసింది. గీకలేదు, రుద్దలేదు. అర జాము పట్టింది. రెండో కన్ను తెరుచుకోగానే పులి తల పైకెత్తి ఆకాశం చూసి, "నీలం! నీలమే!" అని పసిపిల్లలా గెంతింది. ఆ గెంతుకు ముందుకాలు ఒక చెట్టుకు తగిలి టింగుమంది.

"నల్లకొండకా? నడిస్తే నాలుగు రోజులు. నా వీపెక్కితే రేపు సాయంకాలం. కానీ నిన్ను మోస్తే నేను పగులుతానేమో," అంది పులి భయంగా.

"మా నాన్న గాజు సామాను ఎంతెంత దూరాలు పంపించలేదూ!" అంది చెంగల్వ. అడవి అంచున ఎండుగడ్డి కోసింది. పులి వీపుమీదా, పొట్ట చుట్టూ, పాదాల కిందా దళసరిగా గడ్డి కట్టి, పైన తీగలతో బిగించింది. గడ్డిమోపులా తయారైన పులి తన అవతారం తాను చూసుకుని నవ్వాపుకోలేకపోయింది. ఆపైన పరుగు మొదలుపెట్టింది చూడండీ! వాగులు ఒక్క దూకులో దాటింది. గుట్టలమీంచి ఎగిరింది. గాలికి చెంగల్వ జడ నిలువుగా లేచింది. నాన్న గుర్తొచ్చి ఒకపక్క గుండె పీకుతున్నా, మరోపక్క సంతోషం పట్టలేక "ఇంకా వేగం! ఇంకా!" అని కేకలు పెట్టింది.

నాలుగో రోజు పొద్దు వాలేలోగా పులి ఆమెను నల్లకొండ గుహ ముందు దింపి, జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోయింది.

గుహ తలుపు తాటిచెట్టంత ఎత్తు. చెంగల్వ దాన్ని తట్టింది. లోపల్నుంచి కొండచరియ విరిగినట్టు కేక వచ్చింది. "ఎవడ్రా దొంగ? ఏ వస్తువు కోసం వచ్చావు?"

"దొంగను కాను. చూడ్డానికి వచ్చాను. చూశాక ఒక మాట అడగాలి కూడా."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. మూడు నిలువుల ఎత్తున్న రాక్షసుడు వంగి ఒంటికన్నుతో చూశాడు. "ఏమిటీ? చూడ్డానికా? నా వస్తువులనా?"

"అవునండీ."

గుంభనుడు తలుపు మూసేశాడు. లోపల దబదబమని చప్పుళ్లు. "ఉండు! ఉండు, పోకు! దీపాలు వెలిగించాలి. గుహ ఊడ్చి నూట ఇరవై ఏళ్లయింది. ఒక్క క్షణం ఆగు!" అని అరుస్తున్నాడు. కాసేపటికి చెమటలు కక్కుతూ, తలకు పాగా చుట్టుకుని మరీ వచ్చి తలుపు బార్లా తీశాడు.

ఎన్ని అరలు, ఎన్ని పెట్టెలు! గుంభనుడు ముందు తడబడ్డాడు, తర్వాత మాటలు వరదలా పొంగాయి. "ఇది సముద్రంలో ఒక అల. మడతపెట్టి ఉంచాను. ఇది పగటివేళ దారితప్పిన నక్షత్రం. ఇందులో ఒక మహారాజు నిండుసభలో ఆపుకోలేక తుమ్మిన తుమ్ము ఉంది. మూత తీస్తే ఇప్పటికీ ఆ హాచ్చి వినబడుతుంది, వింటావా?" చెంగల్వ పడీపడీ నవ్వింది. ప్రతి అర దగ్గరా ఆగి "ఇదేమిటి మామా? అదేమిటి మామా?" అని అడిగింది. మామా అని పిలిచినప్పుడల్లా రాక్షసుడి చెవులు ఎర్రబడ్డాయి.

"మామా, ఈ వడగాలి పెట్టె పక్కన హిమాలయం మంచుబొట్టును పెట్టారేం? కరిగిపోదూ?"

గుంభనుడు నెత్తి కొట్టుకున్నాడు. "అందుకా! రోజురోజుకీ చిక్కిపోతోందేమిటా అని దిగులుపడి చస్తున్నాను!" వెంటనే మంచుబొట్టును అవతలి గోడకు మార్చాడు. మార్చి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. "చిన్నప్పుడు నా మొదటి వస్తువు చూపిస్తే తోటి రాక్షసులు పగలబడి నవ్వారు. మళ్లీ ఎవరికీ చూపించలేదు. వచ్చినవాళ్లంతా ఎత్తుకుపోవడానికే వచ్చారు."

ఎత్తయిన అరమీద మూడు మట్టిబొమ్మలు గుడ్లు తిప్పుతూ చూస్తున్నాయి. వాటి పక్కన నీలం జాడీ. దానికి చెవి ఆనిస్తే లోపల ఎక్కడో దూరంగా జోరున వాన.

చెంగల్వ అక్కడ కూర్చుని తన కథంతా చెప్పింది. తోమిన సంగతి, స్తంభం చాటున దాక్కున్న సంగతి, ఏదీ దాచలేదు. వింటూ వింటూ గుంభనుడు జాడీని గుండెకు హత్తుకున్నాడు. "ఇవ్వను. నూరేళ్లు వానలో నిలబడి చుక్క చుక్కా పట్టాను. ఇవ్వనంటే ఇవ్వను!"

"నాకు ఇవ్వొద్దు మామా. మీ చేత్తోనే తెచ్చి మా వింతశాలలో పెట్టండి. మూత తియ్యాలో వద్దో మా నాన్నను చూశాక మీరే చెప్పండి. వద్దంటే మీ జాడీ మీరు పట్టుకెళ్లొచ్చు."

"అక్కడ... ఎంతమంది చూస్తారు?"

"పండగరోజైతే పదివేలమంది."

"పదివేలే!" రాక్షసుడి గొంతు కీచుమంది.

ఐదో రోజు తెల్లవారగానే బయల్దేరారు. బయల్దేరారన్న మాటేగానీ, జాడీ కుదుపుతుందని గుంభనుడు అడుగులో అడుగు వేస్తున్నాడు. చీమలు కూడా వాళ్లను దాటిపోతున్నాయి. చెంగల్వకు పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న నడుం దాటి ఉంటుంది, ఛాతీ దాకా వచ్చి ఉంటుంది. ఆమె బుట్టలో గడ్డి కూరి, మధ్యలో జాడీని కూర్చోబెట్టి, పైనుంచి మళ్లీ గడ్డి కూరింది. "ఇప్పుడు ఊపి చూడండి!" అంది. గుంభనుడు భయంభయంగా ఊపాడు. జాడీ అంగుళమైనా కదల్లేదు. అంతే, చెంగల్వను భుజానికెత్తుకుని పెద్ద పెద్ద అంగలు వేశాడు. కొండలు వెనక్కి పరుగెత్తాయి.

ఏడో రోజు పొద్దు వాలుతుండగా మేఘవతీ నగరం కోటగోడ కనిపించింది. రాక్షసుణ్ణి చూసి ఊరంతా గగ్గోలు పెట్టింది. సైనికులు బాణాలు ఎక్కుపెట్టారు. చెంగల్వ రాక్షసుడి భుజంమీద లేచి నిలబడి రెండు చేతులూ ఊపింది. "ఆగండి! ఈయన మన వింతశాలకు అతిథి!" అని గొంతు చించుకుని అరిచింది. గుంభనుడు బుట్టను వీపువెనక దాచుకుని, "వీళ్లు నవ్వుతారా?" అని నెమ్మదిగా అడిగాడు.

వర్ష మందిరంలోకి వెళ్లేసరికి గవరయ్య గడ్డం దాకా కంచయిపోయాడు. అమ్మ పక్కన నిలబడి నుదురు తుడుస్తోంది. కబురు విని రాజు కూడా వచ్చి ఉన్నాడు. కూతుర్ని చూసి ఆయన కళ్లు మెరిశాయి. పెదాలు మాత్రం కదపలేకపోయాడు.

గుంభనుడు నెమలిని చూశాడు, గవరయ్యను చూశాడు, బుట్టలోంచి జాడీ తీశాడు. మూతమీద వేలు పెట్టాడు. "తెరిస్తే ఖాళీ అయిపోతుంది," అన్నాడు. "ఇలాంటిది మళ్లీ దొరకదు. నావల్ల కాదమ్మాయీ. నావల్ల కాదు."

చెంగల్వ బతిమాలలేదు. ఏడవలేదు. కిటికీలోంచి చూస్తే పొద్దు కొండ అంచుకు తాకింది. ఆమె రాజు ముందుకు వెళ్లి చేతులు జోడించింది. "ప్రభూ, మా నాన్న అబద్ధం చెప్పాడు. ఆ రోజు నేను స్తంభం వెనక దాక్కున్నాను. భయమేసింది." అని తిరిగి, నెమలి మెడమీద చెయ్యి వేసింది. "నేనే తోమాను. నువ్వు బావుండాలనే తోమాను. కానీ అడగలేదు. తప్పు నాదే."

గవరయ్య ఒంటిమీది కంచు జలజలా జారి నేలమీద పడింది. పడినది పడినట్టే పాకివచ్చి చెంగల్వ పాదాలు పట్టుకుంది. దాచిపెట్టిన ఏడు రోజులూ ఒక్కసారే మీద పడ్డాయి. మోకాళ్లు, నడుం, ఛాతీ. "తల్లీ!" అని గవరయ్య గావుకేక పెట్టాడు. కూతుర్ని పట్టుకోబోతే చేతులకు చల్లటి లోహం తగిలింది. కంచు గొంతు దాటుతుండగా చెంగల్వ తడికళ్లతో రాక్షసుడి వైపు చూసి, "మామా, జాడీ జాగ్రత్త," అంది. అంతే. ఒక చెయ్యి నెమలిమీద వేసి, నిలువెత్తు కంచుబొమ్మై నిలబడిపోయింది.

గుంభనుడు నోరు తెరిచి చూస్తున్నాడు. ముంగురులు కూడా చెదరకుండా, కన్నీటిచుక్కతో సహా కంచైన పిల్ల! ముల్లోకాల్లోనూ ఇంత గొప్ప వస్తువు లేదు. వాడి చేతులు తమంతట తామే ముందుకు చాచుకున్నాయి. ఏ అరలో పెట్టాలా అని కూడా అనుకున్నాడు.

"ఇది..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. 'ఏమిటి మామా?' అని అడిగే నోరు అడగలేదు. ఇంకాసేపు ఆగాడు. అడగలేదు.

"నాకు బొమ్మ వద్దు!" అని మందిరాలన్నీ ప్రతిధ్వనించేంత గట్టిగా ఏడ్చాడు గుంభనుడు. "చూడ్డానికి వచ్చిన పిల్ల కావాలి! అది ఒక్కతే వచ్చింది!" అంటూ నీలం జాడీని ఎత్తి నెమలి పాదాల దగ్గర నేలకేసి కొట్టాడు.

నూరేళ్ల వాన ఒక్కసారి కురిస్తే ఎలా ఉంటుందో ఎలా చెప్పను! కప్పు కనబడలేదు, గోడలు కనబడలేదు. రాజుగారి కిరీటం కొట్టుకుపోయింది. వాన తగిలిన చోటల్లా నెమలి ఒళ్లు గోధుమరంగైంది, లేతాకు రంగైంది, ముదురాకు రంగైంది. మెడ వంచింది. రెక్క దులిపింది. ఫెళ్లున పురివిప్పి ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. మూడోసారి తిరుగుతుండగా ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది.

చెంగల్వ ఒంటిమీది కంచు వానతోపాటు కరిగి కారిపోయింది. మొదట కన్నీటిచుక్క కదిలింది. తర్వాత కాళ్లు కదిలాయి. ఆ కాళ్లు తిన్నగా నాన్న దగ్గరికి పరుగెత్తాయి. గవరయ్య కూతుర్ని వాటేసుకుని, "నోరు మెదపొద్దన్నానా లేదా?" అని కోప్పడుతూనే ఏడ్చాడు. ఈలోగా వీధుల్లోంచి వేలమంది పిల్లలు మందిరంలోకి విరుచుకుపడి, రాక్షసుడి కాళ్ల మధ్యనుంచే దూరి, వానలో గంతులేయడం మొదలుపెట్టారు.

తడిసిన గడ్డం పిండుకుంటూ ఇంద్రకేతు మహారాజు చెంగల్వను దగ్గరికి పిలిచాడు. "తప్పు చేసి చెప్పగలిగిన మనిషి చేతిలో వస్తువులు భద్రంగా ఉంటాయి," అని వింతశాల తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టాడు. మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి గవరయ్యకు మెత్తటి కుర్చీ వేయించి, సలహాలు చెప్పే పని అప్పగించాడు. గుంభనుడి వస్తువుల కోసం ఏడో మందిరం కట్టించాడు. ముగ్గురు దొంగలనూ గుంభనుడు సణుగుతూనే మళ్లీ మనుషుల్ని చేశాడు. వాళ్లిప్పుడు ఆ మందిరానికి కాపలా కాస్తున్నారు.

ఏడో మందిరం తెరిచే రోజున గుంభనుడు కొత్త పాగా చుట్టుకుని, తలుపు వెనక గజగజ వణుకుతూ నిలబడ్డాడు. "ఎవరూ రాలేదేమో చూడు," అన్నాడు. చెంగల్వ తలుపు తీసింది. వరస కోటగుమ్మం దాకా ఉంది. అందరికన్నా ముందు నాలుగేళ్ల పిల్ల ఒకతి బొటనవేలు చీకుతూ నిలబడి, రాక్షసుణ్ణి కిందనుంచి పైదాకా చూసి, మొదటి అరకేసి వేలు చూపించింది.

"ఇదేంటి తాతా?"

గుంభనుడు గొంతు సవరించుకున్నాడు. ఆ పొద్దున మొదలుపెట్టిన మాట సాయంత్రం తలుపులు మూసేదాకా ఆపలేదు. మర్నాడు తెల్లవారకముందే వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. అలా మేఘవతీ నగరంలో వానలు వేళకు కురుస్తూ, పిల్లలు వేళాపాళా లేకుండా వస్తూ, అందరూ చాలాకాలం సంతోషంగా ఉన్నారు.